ఉటంకింపు తర్వాత రావలసిన వాక్యం

విశ్వవిద్యాలయాల్లో తెలుగులో సమర్పించే వ్యాసాల్లో ఒక పేరా తీరు పదే పదే కనిపిస్తుంది. విద్యార్థి ముందు ఒక వాక్యం రాస్తాడు. దాని కింద ఒక విమర్శకుడి మాటలు నాలుగు పంక్తులు దించి, “అని పేర్కొన్నారు” అని ముగిస్తాడు. ఆ వెంటనే మరో విమర్శకుడి మాటలు వస్తాయి, “అని అభిప్రాయపడ్డారు” అనే ముగింపుతో. అంతటితో పేరా అయిపోతుంది. పాదసూచికలో పుట సంఖ్య, ముద్రణ సంవత్సరం అన్నీ సరిగ్గానే ఉంటాయి. ఆ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి విద్యార్థి తేల్చిందేమిటన్నది మాత్రం ఎక్కడా ఉండదు. దీన్ని వినయం అనాలా, లోపం అనాలా అన్నదే ఈ సంవాదంలోని తగువు. ఒకవైపు, తెలుగు శాఖలో ఏళ్ల తరబడి పాఠం చెప్పి విశ్రాంత జీవితం గడుపుతున్న మాస్టారు. మరోవైపు, డిగ్రీ, పీజీ విద్యార్థులకు వ్యాసరచన నేర్పుతున్న అధ్యాపకురాలు. ఇద్దరూ వాదన కోసం కల్పించినవారే. నా మొగ్గు అధ్యాపకురాలి వైపు. అయినా మాస్టారి అభ్యంతరాలు తేలిగ్గా తోసేయదగినవి కావు. వాటికి జవాబు చెప్పగలిగితేనే ఆమె మాట నిలుస్తుంది.

మాస్టారు: చూడమ్మా, మూలాన్ని ఉన్నదున్నట్టు ఇవ్వడం కన్నా నిజాయితీ ఇంకేముంటుంది? పెద్దల మాట దించి, పుట సంఖ్య వేసి, పక్కకు తప్పుకోవడమే మా తరం విద్యార్థికి నేర్పిన క్రమశిక్షణ. చదివేవాడికీ బుర్ర ఉంటుంది. మూలం ముందుంచితే అందులోంచి ఏం గ్రహించాలో వాడే గ్రహిస్తాడు. విద్యార్థి మధ్యలో దూరి “దీని అర్థం ఇది” అని మొదలుపెడితే రెండు నష్టాలు. తనకు కావలసినట్టు మూలాన్ని వంచడం ఒకటి. చెప్పిందే మళ్లీ చెప్పి వ్యాసాన్ని సాగదీయడం రెండోది. మన పరిశోధనల్లో ఊకదంపుడు ఇప్పటికే ఎక్కువ. నువ్వు దానికి ఇంకో తలుపు తెరుస్తున్నావేమో ఆలోచించు.

అధ్యాపకురాలు: మీ రెండు భయాలూ నిజమైనవే మాస్టారూ. మూలం తనంతట తాను మాట్లాడుతుందన్న దగ్గరే నాకు పేచీ. ‘కన్యాశుల్కం’ మీద రాసే విద్యార్థులు తరచు ఆశ్రయించే ఆధారాన్నే తీసుకుందాం. 1897 నాటి తొలి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో పీఠిక రాశారు. అందులో విజయనగరం మహారాజా తయారు చేయించిన ఒక జాబితా ప్రస్తావన ఉంది. విశాఖపట్నం జిల్లాలోని సాధారణ బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాలు అందులో 1,034 నమోదయ్యాయి. ఏడాదికి సగటు 344. పెళ్లినాటికి ఐదేళ్లున్న ఆడపిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల 350 నుంచి 400 రూపాయల దాకా పలికింది. విద్యార్థి ఈ అంకెలన్నీ దించి, వాటి కింద “దీన్నిబట్టి ఆనాడు ఆంధ్రదేశమంతటా కన్యాశుల్కం ప్రబలి ఉండేదని తెలుస్తున్నది” అని రాస్తాడు. నిజంగా తెలుస్తున్నదా? జాబితా ఒక్క జిల్లాది, ఒక్క వర్ణానిది, మూడేళ్లది. ఆంధ్రదేశమంతటి గురించి అది ఏమీ చెప్పదు. ఉటంకింపులో అక్షరం పొల్లుపోలేదు, పుట సంఖ్యా తప్పలేదు. అయినా వాక్యం తప్పు. మూలాన్ని ఉన్నదున్నట్టు ఇవ్వడం ఒక్కటే నిజాయితీ కాదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అదే జాబితాను వివరించడం నేర్చుకున్న విద్యార్థి ఏం చేస్తాడో చూడండి. ముందు దాని హద్దులు చెబుతాడు: ఎక్కడిది, ఎవరి గురించి, ఎంత కాలానిది. తర్వాత గురజాడే ఒప్పుకున్న ఒక లోపాన్ని గుర్తిస్తాడు. పిల్లకు డబ్బు పుచ్చుకున్నామని చెప్పుకోవడానికి ఎవరూ ఇష్టపడరు కాబట్టి జాబితా సమగ్రం కాదని పీఠికే అంటుంది. అంటే 1,034 అనేది అసలు సంఖ్య కాదు, అంతకు తగ్గదు అని చెప్పగల సంఖ్య మాత్రమే. ఆపైన విద్యార్థి తన పని మొదలుపెడతాడు. ఐదేళ్లు, అంతకు లోపు పిల్లలను కూడితే 188 మంది. నమోదైన పెళ్లిళ్లలో నూటికి పద్దెనిమిది. ఈ కూడిక పీఠికలో లేదు, విద్యార్థి చేసింది. ఇప్పుడు అతను నాటకం వైపు తిరిగి, తన చిన్న కూతురు సుబ్బిని లుబ్ధావధాన్లకు కట్టబెట్టాలని అగ్నిహోత్రావధాన్లు చేసే బేరం హాస్యం కోసం పెంచి చెప్పింది కాదని, ఆ జిల్లాలో అంతకన్నా పసిపిల్లలకే వెల కట్టారని రాయగలడు. ఆంధ్రదేశమంతటా అన్న మాట కన్నా ఇది చిన్న మాట. కానీ ఆధారం మోయగలిగిన మాట. మీరన్న వంచడం ఇక్కడ జరగలేదు సరికదా, వివరించబట్టే వంచడం ఆగింది.

మాస్టారు: ఉదాహరణ బాగుంది. కానీ అది లెక్కలున్న మూలం కాబట్టి నీకు కలిసొచ్చింది. సాహిత్య విమర్శ, శాస్త్రం, సంప్రదాయం గురించి రాసేటప్పుడు సంగతి వేరు. ఇరవై ఏళ్ల కుర్రాడు ఒక మహాపండితుడి మాట ఎత్తుకుని, దాని మీద తన వ్యాఖ్య చెప్పడానికి అధికారం ఎక్కడిది? మన చదువులో శబ్దానికి, అంటే ఆప్తవాక్యానికి ప్రమాణం అన్న స్థానం ఉంది. పెద్దవాడి మాట దగ్గర చిన్నవాడు ఆగిపోవడం అజ్ఞానం కాదమ్మా, మర్యాద. ప్రతి మూలాన్నీ నిలదీసి, విప్పి, తూచి చూడమనే పద్ధతి బయటి విశ్వవిద్యాలయాల నుంచి వచ్చింది. మన మట్టిలో అది నాటుకోదు.

అధ్యాపకురాలు: ఇది బయటి పద్ధతి అన్న మాట మాత్రం ఒప్పుకోలేను మాస్టారూ. మూలాన్ని విప్పి చెప్పడంలో మనవాళ్లంత పని చేసినవాళ్లు తక్కువ. మెతుకుసీమ కొలిచెలమ పేరుతో ముడిపడిన కోలాచలం మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకే కాక భారవి, మాఘుడు, శ్రీహర్షుల కావ్యాలకూ వ్యాఖ్యలు రాశాడు. మూలంలో లేనిది ఏదీ రాయననీ, అవసరం లేనిది ఏదీ చెప్పననీ వ్యాఖ్యాన ప్రారంభంలోనే ఆయన పెట్టుకున్న నియమం మీకు తెలియంది కాదు. నేను వ్యాసరచనలో చెప్పే నియమాలు రెండూ అందులోనే ఉన్నాయి. మొదటిది మీ వంచడమనే భయానికి జవాబు, రెండోది ఊకదంపుడు భయానికి. ఆయన కోశాన్ని వాడే తీరు చూడండి. అమరకోశం మొత్తం తెచ్చి శ్లోకం పక్కన కుమ్మరించడు. ఒక పదానికి ఇక్కడ ఈ అర్థమే ఎందుకు పొసగుతుందో చెప్పి, దానికి సరిపడా కోశవాక్యం ఇచ్చి, అమరుడి పేరు పెట్టి ముందుకు సాగుతాడు. ఏ పదానికి, ఏ అర్థానికి, ఎవరి మాట అన్నది చదివేవాడికి ఎక్కడా సందేహం రాదు. అన్వయం ఆయనది, సాక్ష్యం కోశానిది. ఆధారాన్ని వ్యాసంలో కలపడం అంటే నా దృష్టిలో ఇంతే.

ఆప్తవాక్యం మాటకు వద్దాం. పెద్దల మాట ప్రమాణమన్న శాస్త్రాల్లోనే పూర్వపక్షం లేకుండా సిద్ధాంతం ఉండదు. ఎదుటివాడి మాటను అతను ఒప్పుకునేంత బలంగా ముందు చెప్పాలి, తర్వాత ఎక్కడ నిలవదో చూపాలి, ఆ తర్వాతే తన మాట. ఆ క్రమంలో శిక్షణ పొందినవాడు చిన్నవాడైనా పెద్దవాడి మాటను పరీక్షించవచ్చు, మర్యాద తప్పకుండానే. అధికారం వయసుతో రాదు, ఆ మాటను ఎంత సరిగ్గా అర్థం చేసుకుని చెప్పగలిగాడన్న దానితో వస్తుంది. అసలు మర్యాద లోపం ఎక్కడుందంటే, మహాపండితుడి నాలుగు పంక్తులను వాటి సందర్భం నుంచి కోసుకొచ్చి, ఆయన ఏ ప్రశ్నకు జవాబుగా ఆ మాట అన్నాడో చెప్పకుండా, తన పేరా నింపడానికి వాడుకోవడంలో. అది నమస్కారంలా కనబడుతుంది గానీ, ఆ పండితుడిని వినడం కాదు.

మాస్టారు: సరే, మల్లినాథుణ్ణి తెచ్చి నన్ను నా ఇంట్లోనే పట్టుకున్నావు. ఇప్పటి పరిస్థితి చూడు. సొంత మాటల్లో చెప్పు, వివరించు అని మీరు చెప్పడం వల్లే విద్యార్థి పదాలు మార్చడం నేర్చాడు. ‘ప్రబలి’ ఉన్నచోట ‘వ్యాపించి’ పెడతాడు, ‘నాడు’ ఉన్నచోట ‘కాలంలో’ పెడతాడు. సాఫ్ట్‌వేర్‌కు దొరకకుండా ఉంటే చాలు. మా రోజుల్లో దించితే దించినట్టు ఉండేది, ఎవరి మాటో తెలిసేది. ఇప్పుడు ఎవరి మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కనిపెట్టలేం. ఉటంకింపు పెరిగితే పోలిక శాతం పెరుగుతుందని భయపడి, అసలు మూలం పేరే చెప్పడం మానేస్తున్నారు. ఇది నీ పద్ధతి తెచ్చిన చేటు కాదా?

అధ్యాపకురాలు: చేటు నిజమే. తెచ్చింది పద్ధతి కాదు, శాతం భయం. ఆ భయం కూడా నిబంధన చదవకపోవడం వల్ల పుట్టింది. 2018లో యూజీసీ తెచ్చిన గ్రంథచౌర్య నిరోధక నిబంధనల్లో 10 శాతం దాకా పోలిక ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 మధ్య ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సరిదిద్ది ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు మళ్లీ సమర్పించే వీలుండదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఈ అంకెలు అందరికీ కంఠస్థం. కానీ అవే నిబంధనలు మూలం పేరు చెప్పి ఉటంకించిన భాగాన్ని ఆ లెక్కలోంచి తీసేయమన్నాయి. గ్రంథసూచినీ తీసేయమన్నాయి. అందరికీ తెలిసిన విషయాలు, యాదృచ్ఛికంగా కలిసే మాటలు వరసగా పద్నాలుగు పదాల దాకా ఉన్నా పట్టించుకోనక్కర్లేదన్నాయి. అంటే ఉటంకింపు చిహ్నాల మధ్య పెట్టి పేరు చెప్పినవాడికి ఏ ముప్పూ లేదు. ముప్పు ఉన్నది పదాలు మార్చి పేరు దాచినవాడికి. ఇతరుల ఆలోచనను తనదిగా చూపడం కూడా ఆ నిర్వచనం ప్రకారం చౌర్యమే. పదాలు మారినంత మాత్రాన ఆలోచన చేతులు మారదు.

విద్యార్థికి నేర్పవలసింది పదాలు మార్చడం కాదు, మూలం నుంచి తనకు ఏం కావాలో ముందు తేల్చుకోవడం. ఆ మాటల కూర్పే ముఖ్యమైతే, అంటే ఒక్క పదం మారినా అర్థం జారిపోతుందనుకుంటే ఉటంకించాలి. సమాచారం మాత్రమే కావాలంటే సంగ్రహించాలి. వాదన కావాలంటే పుస్తకం మూసి, దాని నడకను తన వాక్యాల్లో పునర్నిర్మించాలి. మూడింట్లోనూ మూలం పేరు చెప్పి తీరాలి. ఇందులో తెలుగు వాక్యం తెచ్చే ఒక చిక్కు ఉంది. మన భాషలో ‘అని’ వాక్యం చివర వస్తుంది. అయిదు పంక్తులు చదివాక గానీ అవి ఎవరి మాటలో తెలియదు. అప్పటిదాకా చదివేవాడు వాటిని విద్యార్థి మాటలే అనుకుంటాడు. మీరన్న గందరగోళంలో సగం ఇక్కడే ఉంది. పేరు ముందుకు తెచ్చి, “గురజాడ పీఠికలో చెప్పినదాని ప్రకారం” అని మొదలుపెడితే గొంతు మారిందని వెంటనే తెలుస్తుంది. “ఈ లెక్కను నాటకంతో పోల్చి చూస్తే” అనగానే మళ్లీ విద్యార్థి గొంతు వచ్చిందని తెలుస్తుంది. క్రియ సంగతీ అంతే. అందరినీ ‘పేర్కొన్నారు’ అని ఒకే గాటన కట్టేస్తాం. రచయిత ఊహించాడా, నిరూపించాడా, ఒప్పుకున్నాడా, ఖండించాడా? ‘ఊహించారు’ అని రాయవలసినచోట ‘నిరూపించారు’ అని రాస్తే అదీ మూలాన్ని వంచడమే. సరైన క్రియ వెయ్యాలంటే మూలాన్ని అర్థం చేసుకోక తప్పదు. మరో మాట. గురజాడ పీఠిక ఇంగ్లీషుది. తెలుగులో ఇచ్చేది అనువాదం. అనువాదం తనదా, మరొకరిదా అన్నది కూడా విద్యార్థి చెప్పాలి, ఎందుకంటే అనువదించడంలోనే సగం వివరణ జరిగిపోతుంది.

మాస్టారు: ‘అని’ సంగతి నేను ఇలా ఆలోచించలేదు. ఒప్పుకుంటాను. అయినా వివరణే అక్కర్లేని స్పష్టమైన ఆధారాలు ఉంటాయి కదా. నన్నయ కాలానికి నందంపూడి శాసనం ఉంది. 1053 నాటిది. రాజరాజ నరేంద్రుడిది. నన్నయ పేరు అందులో ఉంది. “నన్నయ పదకొండో శతాబ్ది కవి, ఆధారం నందంపూడి శాసనం” అని ఒక్క వాక్యం రాస్తే చాలదా? రాగిరేకు మీద చెక్కిన మాటకు కూడా భాష్యం కావాలా?

అధ్యాపకురాలు: కావాలి మాస్టారూ. మీరు ఒక్క వాక్యంలో చెప్పినదాంట్లో ఎన్ని మెట్లున్నాయో చూద్దాం. శాసనం తన కాలాన్ని క్రీస్తుశకంలో చెప్పదు, రాజరాజు ఏలుబడిలో 32వ ఏడు అంటుంది. దాన్ని 1053 చేయడానికి ఆయన పట్టాభిషేకం ఎప్పుడో తెలియాలి. అది కోరుమిల్లి శాసనం ఇచ్చే శక సంవత్సరం 944 వల్ల, అంటే 1022 అని తెలుస్తుంది. ఇప్పటికే రెండు ఆధారాలు చేయి కలిపాయి. ఇక శాసనం చెప్పే విషయం నారాయణభట్టుకు రాజు చేసిన అగ్రహార దానం. భారతం ఊసు అందులో లేదు. చివర శాసన రచయితగా మాత్రం నన్నియభట్టు పేరుంది. కాబట్టి 1053లో భారతం రాశాడని ఎవరైనా రాస్తే అది శాసనం మోయని మాట. శాసనం ఇచ్చేది ఒక్కటే: ఆ పేరుగల పండితుడొకడు ఆ ఏడు ఆ రాజు కొలువులో శ్లోకాలు కట్టాడు. అతనే మన ఆదికవి అని చెప్పడానికి ఇంకో మెట్టు ఎక్కాలి.

మాస్టారు: ఆ మెట్టు నేను చెబుతాను. భారత అవతారికలో నన్నయ తనను భారతం రాయమన్నది రాజరాజు అంటాడు, తనకు తోడుపడినవాడు నారాయణభట్టు అంటాడు. నన్నియ అన్న పేరు ఒక్కటే అయితే వేరెవరో అనుకోవచ్చు. రాజు, కవి, కవికి సాయపడ్డ పండితుడు, ఈ ముగ్గురి పేర్లూ కావ్యంలో ఒకసారి, రాగిరేకు మీద ఒకసారి కలిసి రావడం యాదృచ్ఛికం కాదు. పైగా శాసనం ఆ నారాయణభట్టును పలు భాషల్లో కవిత్వం చెప్పగలవాడని పొగుడుతుంది. భారత రచనలో సాయపడ్డవాడికి ఆ పాండిత్యం సరిగ్గా సరిపోతుంది. రెండు మూలాలనూ కలిపి చదివితేనే నన్నయ కాలం నిలుస్తుంది. ఒంటరిగా శాసనం చాలదు.

అధ్యాపకురాలు: మీరిప్పుడు చేసిందే నేను విద్యార్థుల చేత చేయించాలనుకుంటున్నది. రెండు మూలాలను ఎదురెదురుగా కూర్చోబెట్టారు, రాగల సందేహాన్ని మీరే లేవనెత్తారు, దానికి జవాబు చెప్పారు. అందులో మీరు మూలానికి కలిపిన కల్పన ఒక్కటీ లేదు. కానీ “ఆధారం నందంపూడి శాసనం” అన్న ఒక్క వాక్యంలో ఇందులో ఏదీ లేదు. ఆ వాక్యం చదివి ఒప్పుకునేవాడు మీ మీద గౌరవంతో ఒప్పుకుంటాడు. ఇప్పుడు మీరు చెప్పింది విన్నవాడు వాదన మీద నమ్మకంతో ఒప్పుకుంటాడు, ఒప్పుకోకపోతే ఏ మెట్టు దగ్గర ఆగిపోయాడో వేలుపెట్టి చూపగలుగుతాడు. చదువుకు పనికొచ్చేది ఈ రెండోది.

మాస్టారు: ఒక్క షరతు మీద నీ పక్కన నిలబడతాను. ప్రతి ఉటంకింపుకూ ఇంత భాష్యం రాయమంటే పది పుటల వ్యాసం వంద పుటలవుతుంది. నందంపూడి శాసనం మీద నడిచే వ్యాసానికి ఇదంతా కావాలి. నన్నయ శైలి మీద రాసేవాడికి కాలం ఒక పాదసూచిక చాలు. ఎక్కడ విప్పాలో, ఎక్కడ మూసి ఉంచాలో చెప్పకపోతే నీ నియమం ఇంకో రకం ఊకదంపుడుకు దారి తీస్తుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. వివరించడం అలవాటైనవాడు మూలం మౌనంగా ఉన్నచోట కూడా మాట్లాడించాలని చూస్తాడు. ఆ మౌనాన్ని గౌరవించడం ఎప్పుడు నేర్పుతావు?

అధ్యాపకురాలు: ఈ షరతు లేకుండా నా మాట అసంపూర్ణమే. మల్లినాథుడి రెండో నియమం ఇందుకే ఉంది. వ్యాసం ఏ మాట మీద నిలబడిందో ఆ మాటను మోసే ఆధారాన్నే విప్పాలి. అందరూ ఒప్పుకున్న విషయాన్ని పాదసూచికకు పంపాలి. అందువల్ల ఉటంకింపులు తగ్గుతాయి తప్ప పుటలు పెరగవు. పేరాలో ఇద్దరు విమర్శకులను వరుసగా దించే బదులు ఒకరిని ఎంచుకుని సరిగ్గా చదివితే చోటు మిగులుతుంది. ఎంపికకు చిన్న పరీక్ష ఒకటి చాలు. పేరాలోని ఉటంకింపును చేత్తో మూసి మిగతాది చదవాలి. వాదనకు ఏ లోటూ రాకపోతే ఆ ఉటంకింపు అలంకారం, తీసేయాలి. తర్వాత వివరణను మూసి ఉటంకింపును మాత్రమే చదవాలి. అందులోంచి చదివేవాడు ఇంకో ముగింపుకు వెళ్లే వీలుంటే వివరణ ఉండి తీరాలి. మౌనం సంగతి మీరన్నట్టే. “ఈ జాబితా మిగతా జిల్లాల గురించి ఏమీ చెప్పదు”, “ఈ శాసనంలో భారతం ప్రస్తావన లేదు” అనే వాక్యాలు కూడా వివరణలో భాగమే. మూలం ఎక్కడ ఆగిందో రాయగలిగిన విద్యార్థి దాన్ని ముందుకు తోయడు.

మాస్టారు: అయితే దిద్దేవాడి పనీ మారాలి. ఇన్నాళ్లూ ఉటంకింపు చివర పుట సంఖ్య ఉందా లేదా అని చూసి, ఉంటే ముందుకు వెళ్లిపోయాం. అందుకే విద్యార్థి అక్కడే ఆగడం నేర్చుకున్నాడు, తప్పు వాడొక్కడిదే కాదు. ఇక మీదట “అని పేర్కొన్నారు” అన్నచోట అంచున “అయితే?” అని ఒక్క మాట రాయాలి. దానికి జవాబుగా వాడు రాసే వాక్యమే వాడి వ్యాసం. మిగిలినదంతా ముందే ఎవరో రాసిపెట్టింది.